పిల్లలకోడి, ఇనుప రేకులు

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో ఆకాశానికి కొదవ లేదు. ఆకాశాన్నే చూస్తున్నానంటే నమ్మేవాళ్లకు కొదవ. ఊరవతల సైనిక స్థావరం ఉండడంతో మెడలో కెమెరా ఉన్నవాణ్ణి ఇక్కడ ఎవరైనా రెండోసారి చూస్తారు. అలాంటి ఊళ్లో, కుటుంబాలు మాత్రమే ఉండే వీధిలో, పెళ్లికాని నేను మూడు కాళ్ల స్టాండు మీద తెల్లటి గొట్టమొకటి నిలబెట్టాను. పైగా దానికి కెమెరా బిగించాను. నన్ను అనుమానించిన వాళ్లెవరినీ నేను తప్పుపట్టను. వాళ్ల చోట నేనుంటే ముందే పోలీసులకు ఫోన్ చేసేవాణ్ణి.

గొట్టం అన్న మాట మా అన్నది. అన్నంటే సొంత అన్న కాదు. మా మెయింటెనెన్స్ కంపెనీలో సివిల్ ఫోర్‌మన్. జగిత్యాల వైపు మనిషి. నేను ఎలక్ట్రికల్ టెక్నీషియన్ని. కంపెనీ అద్దెకు తీసుకున్న ఇంట్లో ఇద్దరిదీ ఒకే గది. ఇండియాకు ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోతున్న ఒక డాక్టరు దగ్గర టెలిస్కోపు కొని పెట్టెతో సహా ఇంటికి తెచ్చిన రోజు, అన్న ఆ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఏంది తమ్మీ గిది, శవం పెట్టె లెక్కున్నది?"

"టెలిస్కోపన్నా. చుక్కల ఫొటోలు తీస్త."

"చుక్కలు ఫోన్ల రావా?"

"రావు."

"మరి డాక్టరెందుకు అమ్ముతుండు? రోగం లేకుంట డాక్టర్ అమ్మడు. సూస్కో."

ఆ మాట నా మనసులో ఎక్కడో కూర్చుంది. తర్వాత చాలా పనిచేసింది.

నేను ఫొటో తీయాలనుకున్నది కృత్తికల్ని. మా ఊళ్లో పిల్లలకోడి అంటాం. మామూలు కంటికి అది చిన్న గుంపు, చుట్టూ పిల్లలతో ఒక కోడి. కానీ కెమెరాకు చాలాసేపు తెరిచిన కన్ను ఉంటే ఆ చుక్కల చుట్టూ నీలం పొగలాంటి ధూళి బయటపడుతుంది. దానికోసం స్టాండు మీది మోటారు, భూమి తిరిగే వేగంతోనే గొట్టాన్ని ఎదురు తిప్పుతూ ఉండాలి. అలా నిమిషాల తరబడి తీసిన ఫొటోలు వందల కొద్దీ పోగేసి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి. గొట్టం వెంట్రుకవాసి కదిలినా చుక్క గుండ్రంగా రాదు. వినడానికి తపస్సులా ఉంటుంది. చేసేటప్పుడు మాత్రం పొయ్యి మీద పాలు పెట్టి కాపలా కూర్చున్నట్టే ఉంటుంది.

ఇక్కడి ఇళ్లకు చుట్టూ మనిషిని మించిన గోడ ఉంటుంది. గోడకీ ఇంటికీ మధ్య సిమెంటు చేసిన ఖాళీని హోష్ అంటారు. మా హోష్‌కు ఓ చివర, ముల్హక్ అని పిలిచే రెండు గదుల చిన్న ఇల్లు ఉంది. అది ఖాళీగా ఉంది. తూర్పు గోడకు అవతల ఇంటి ఓనరు కాపురం. డాబా ఎక్కి టెలిస్కోపు పెడితే పక్కిళ్ల హోష్‌లు కనబడతాయి. ఇక్కడ ఒక మగవాడు చేయకూడని పనుల్లో అది మొదటి వరుసలో ఉంటుంది. అందుకే నేను బుద్ధిగా కింద, హోష్‌లోనే పెట్టాను. కింద నుంచి ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ఆ సంగతి నాకు తెలుసు. గోడ అవతలివాళ్లకు తెలిసే దారి లేదు.

చలికాలం మొదట్లో సాయంత్రమయ్యేసరికి పిల్లలకోడి తూర్పున లేస్తుంది. తూర్పున ఓనరు ఇల్లు. కాబట్టి మొదటి వారం నా గొట్టం ఆయన మేడ కిటికీల మీదుగా పైకి చూస్తూ నిలబడింది. రెండో వారం ఆ కిటికీలకు తెరలు పడ్డాయి.

అప్పటికే అన్నకు ఆ ఓనరుతో పెద్ద పని పడింది. వదినకు విజిట్ వీసా వచ్చింది. పెళ్లయిన నాటినుంచీ వదిన ఆయన్ను సెలవుల్లోనే చూసింది. ఒక్కసారైనా వచ్చి ఇక్కడ కలిసి ఉండాలన్నది ఇద్దరి కోరిక. వీసా వచ్చింది గాని ఇల్లు లేదు. మగవాళ్లుండే గదిలోకి భార్యను తేలేరు. ఫోర్‌మన్ జీతానికి ఊళ్లో కుటుంబాల ఫ్లాట్లు అందవు. అందేది ఒక్క ముల్హక్. దాని తాళం ఓనరు చేతిలో ఉంది. అన్న అడిగినప్పుడల్లా ఆయన "ఇన్షా అల్లా" అనేవాడు. ఆ మాటలో మనకు వెతకడానికి ఏమీ దొరకదు. మేము ఆయన ముఖంలో వెతికాం. అక్కడ తీరిగ్గా దువ్విన గడ్డం తప్ప ఇంకేమీ కనబడలేదు.

"తమ్మీ, నీ గొట్టం ఆయన ఇంటి దిక్కే సూస్తుంది."

"ఇంటి దిక్కు కాదన్నా, ఇంటి మీదికెల్లి పైకి."

"గా పైకి అనేది ఆయనకు ఎవలు జెప్తరు? నువ్వు జెప్తవా? అరబీల జెప్తవా?"

నా అరబీ అంతా ఫ్యూజులు, కేబుళ్లు, 'రేపు చేస్తాం' చుట్టూ తిరిగే అరబీ. అందులో ఖగోళం చెప్పలేను.

"పోనీ దానికి పూజన్న చెయ్యి. కొత్త సామానుకు బొట్టు పెట్టకుంట ఎట్ల నడిపిస్తున్నవ్‌రా? జేసీబీకి కడ్తం. బోరు బండికి కడ్తం. నిమ్మకాయ, రెండు మిరపకాయలు. ఎంతసేపు?"

"అన్నా, గిది జేసీబీ కాదు. దీని మీద ఈగ వాలినా ఫొటో పోతది. నిమ్మకాయ వద్దు."

"సరే" అన్నాడు అన్న.

ఆయన అంత తొందరగా ఒప్పుకోవడం దానికి ముందెప్పుడూ చూడలేదు. ఈ మనిషి కూరగాయల బజారులో లారీ నుంచి జారిపడిన నిమ్మకాయను చూసి ఆగి, చుట్టు తిరిగి నడిచినవాడు. అది ఈజిప్టు నుంచి వచ్చిన నిమ్మకాయని, దానికి మన దిష్టి సంగతి తెలియదని చెప్పాను. "తొక్కితే దానికే తెలుస్తది" అన్నాడు. అలాంటివాడు 'సరే' అంటే అనుమానించాలి. నేను అప్పుడు మిగతా అందరినీ అనుమానించే పనిలో ఉన్నాను.

ఎందుకంటే ఫొటోలు పాడవుతున్నాయి. చుక్కలు గుండ్రంగా రావాల్సింది కోడిగుడ్లలా వస్తున్నాయి. పిల్లలకోడిని ఫొటో తీస్తే గుడ్లే వస్తాయని మా ఆఫీసులో ఒక జోకు వేసుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఏం ఫొటో అని అడిగారు. ఆపేశాను.

మొదట డాక్టరును అనుమానించాను. మోటారులో పళ్లరిగిన చక్రం పెట్టి అంటగట్టాడేమో. మోటారు ఒక్కటీ గదిలోకి తెచ్చి విప్పి చూశాను. చక్రాలు నా పళ్లకన్నా బాగున్నాయి. తర్వాత ఏసీ కంప్రెసర్ని అనుమానించి, ఫొటోలు తీసినంతసేపూ ఏసీ ఆపేశాను. చలికాలమే కాబట్టి ఎవరూ చచ్చిపోలేదు. తర్వాత అన్న నడకను అనుమానించి, హోష్‌లో నడవద్దన్నాను. ఆయన దొంగలా మునివేళ్ల మీద నడవడం మొదలుపెట్టాడు. గోడ అవతలి నుంచి అదెలా కనబడి ఉంటుందో నేనాలోచించలేదు.

ఒక వింత మాత్రం తేలింది. వారం మొదట్లో చుక్కలు బాగా సాగిపోయేవి. వారం గడిచేకొద్దీ గుండ్రం తేలేవి. శుక్రవారానికి దాదాపు ముత్యాలే. శనివారం మళ్లీ గుడ్లు. ఏ యంత్రమూ క్యాలెండరు చూసి పాడవదు. మనిషి మాత్రమే పాడుచేస్తాడు. శనివారం ఎవరేం చేస్తున్నారని చూస్తే, ఓనరు ఆ రోజు సాయంత్రమే నీళ్ల ట్యాంకరు తెప్పించి గోడ పక్కనే మోటారు వేయిస్తున్నాడు. దొరికాడు అనుకున్నాను. మమ్మల్ని వెళ్లగొట్టడానికి నీళ్ల మోటారు పెడుతున్నాడు!

తన ట్యాంకులో తన నీళ్లు నింపుకుంటున్న మనిషి మీద నేను నడిపిన కేసు అది.

ఆ తర్వాత గోడ పెరిగింది. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి తూర్పు గోడ మీద ఇనుప చట్రాలు లేచి ఉన్నాయి. ఒక బంగ్లాదేశీ వెల్డరు వాటికి రేకులు బిగిస్తున్నాడు. ఇంట్లో ఆడవాళ్లు బయటివాళ్ల కంటబడకుండా గోడలపైన ఇలా రేకులు పెట్టించుకోవడం ఇక్కడ మామూలే. సాతిర్ అంటారు. కానీ ఈ గోడకు ఇన్నాళ్లూ లేదు. నా గొట్టం వచ్చాక వస్తోంది.

"క్యోం లగా రహే హో, భాయ్?" అని అడిగాను.

"మాలిక్ బోలా, కుచ్ దిఖ్‌నా నహీ చాహియే" అన్నాడు వెల్డరు, ముఖం మీది అద్దం ఎత్తకుండానే.

ఏమీ కనబడకూడదని ఓనరు అన్నాడట. అన్న, నేను ముఖాలు చూసుకున్నాం.

"అయిపాయె" అన్నాడు అన్న. "ముల్హక్ పాయె. మీ వదిన టికెట్ జూస్తున్నదిరా ఆడ."

"అన్నా, రేకులే గదా..."

"రేకులే? కోపమొస్తే మనోడు తిడ్తడు. అరబోడు గోడ కడ్తడు. తిడ్తే జవాబు జెప్పొచ్చు. గోడకేం జెప్తవ్?"

టెలిస్కోపు తీసి పెట్టెలో పెట్టేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు తీస్తే తప్పు చేసినందుకే దాచినట్టుంటుందన్నాడు. న్యాయమే. అలాగని ఉంచితే తప్పు చేస్తూ ఉన్నట్టుంటుంది. దాంతో గొట్టం మీద కారు కవరు కప్పి, చీకటి పడ్డాకే తీయడం మొదలుపెట్టాను. దాచలేదు, దాచకుండానూ లేదు. అనుమానం పెంచడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకైతే తోచదు.

ఈలోగా పిల్లలకోడి కూడా నాకు సాయం చేసింది. చలికాలం ముదిరేకొద్దీ అది పొద్దుగూకే వేళకే పైకెక్కి, ఈ ఊరికి దాదాపు నడినెత్తిన వస్తుంది. రేకులు ఎంత లేచినా నడినెత్తిని ఆపలేవు. అసలు ఆ రేకులు వీధిదీపాన్ని కూడా కప్పేశాయి. ఆకాశం అంతకుముందుకన్నా నల్లగా కనబడింది. ఓనరు కోపం నాకు కలిసొచ్చిందని అన్నతో అందామనుకున్నాను. ఆయన ముఖం చూసి మానేశాను. జోకుకు కూడా ఓ టైము ఉండాలి. నాకు ఆ విషయం సాధారణంగా జోకు వేశాక తెలుస్తుంది.

శనివారం మాకు ఒంటిపూట. ఆ శనివారం మధ్యాహ్నం దాటాక వచ్చే అసర్ నమాజు అయ్యాక ఓనరు గేటు తీసుకుని హోష్‌లోకి వచ్చాడు. చేతిలో తాళాల గుత్తి, కొలత టేపు. ముల్హక్ తలుపు తెరిచి లోపలికి వెళ్లాడు, బయటకు వచ్చాడు, నేలను కొలిచాడు, గోడను కొలిచాడు. అన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఓనరు దాన్ని ఇంకెవరికో అద్దెకిస్తున్నాడన్న అనుమానం అన్న ముఖం మీద స్పష్టంగా రాసి ఉంది.

అప్పుడు గాలి లేచింది. ఉత్తరం నుంచి వచ్చే గాలి ఇక్కడ చెప్పి రాదు. కారు కవరు ఒక్కసారి ఉబ్బి, తాడు తెంచుకుని ఎగిరి, నీళ్ల ట్యాంకు పక్కన పడింది. గొట్టం బయటపడింది. తెల్లటి గొట్టం, నల్లటి కెమెరా, వైర్ల కట్ట. ఆ వైర్ల మధ్య నుంచి నల్లదారం మీద ఒక నిమ్మకాయ, పైన కింద పచ్చిమిరపకాయలు, గాలికి లోలకంలా ఊగుతున్నాయి. గొట్టం అడుగున బొట్టు కూడా ఉంది.

ఒకే క్షణంలో నాకు కేసు మొత్తం తేలిపోయింది. నేను పగలు గొట్టం దగ్గరికి పోను, చీకట్లో ఎర్రలైటుతోనే పనిచేస్తాను, కళ్లు చీకటికి అలవాటుపడి ఉండాలని. ఎర్రలైటులో పచ్చిమిరపకాయ నల్లటి వైరులా కనబడుతుంది. నిమ్మకాయ ఏదో నట్టులా కనబడుతుంది. అన్న ప్రతి శనివారం కొత్త నిమ్మకాయ కడుతున్నాడు. కొత్తది బరువు, గాలికి బాగా ఊగుతుంది, చుక్కలు గుడ్లవుతాయి. ఈ ఎడారి గాలికి రోజురోజుకూ ఎండి తేలికవుతుంది, చుక్కలు గుండ్రం తేలతాయి. డాక్టరు నిర్దోషి. కంప్రెసరు నిర్దోషి. నీళ్ల మోటారు నిర్దోషి.

తేలిన ఆ కేసును ఆస్వాదించే టైము లేదు. ఓనరు దాని ముందు నిలబడి ఉన్నాడు.

"ఏష్ హాదా?" అన్నాడు. ఇదేమిటి అని.

దారం, ముడులు, ఎర్రబొట్టు. తన ఇంటి వైపు తిరిగిన గొట్టం. ఇక్కడ చేతబడి అన్న అనుమానం నవ్వులాట కాదు, పోలీసుల దాకా నడుస్తుంది. నా నోరు నాకన్నా ముందు కదిలింది.

"బ్యాలెన్స్ కోసం" అన్నాను. "బరువు."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, దాని కొసతో మిరపకాయను పైకెత్తాడు.

"ఫిల్‌ఫిల్ కూడానా?"

జీవితంలో మొదటిసారి నాకు జోకు తట్టలేదు.

"నేను కట్టిన" అన్నాడు అన్న వెనకనుంచి తెలుగులో. తర్వాత తనకు వచ్చిన సైటు అరబీలో, చేతులు తిప్పుతూ చెప్పాడు. "హాదా అనా. అనా. అయిన్... అయిన్" అని తన కన్ను చూపించి, నిమ్మకాయ చూపించి, ముల్హక్ చూపించి, చివరికి తన గుండె మీద చేయి పెట్టుకున్నాడు. కన్ను తగలకుండా అని. అంతకుమించి ఆయనకు మాటలు లేవు.

ఓనరు నమ్మినట్టు లేదు. విప్పమన్నాడు. అన్న విప్పాడు. కోయమన్నాడు. నేను వంటింట్లోంచి కత్తి తెచ్చాను. కాయ లోపల కాగితమో వెంట్రుకలో ఉన్నాయేమోనని ఆయన చూపు. స్టాండు పక్కన నేల మీద పెట్టి అన్న నిమ్మకాయను రెండుగా కోశాడు. రసం కారింది. గింజలు. ఇంకేం లేదు. ఓనరు వంగి చూశాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు.

అన్న ఒక చెక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు.

నేను ఆపబోయాను. దిష్టికి కట్టిన నిమ్మకాయ. దారిలో పడిన ఉత్త నిమ్మకాయకు చుట్టు తిరిగి పోయే మనిషి. అందులోని రసమంతా పీల్చి, తొక్క పక్కన పెట్టి, తర్వాత మిరపకాయ తీసి తొడిమ దాకా కొరికి నమిలాడు. రెండోది కూడా నమిలాడు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోకుండా ఓనరు వైపే చూస్తూ నమిలాడు. ఇందులో చెడు ఉంటే నా కడుపులోకే పోతుంది, చూడు అన్నట్టు.

ఓనరు కొంతసేపు ఎదురుచూశాడు. అన్న పడిపోతాడేమోనని చూశాడని నాకనిపించింది. అన్న పడలేదు. ఎక్కిళ్లు మాత్రం వచ్చాయి.

"మోయా" అన్నాడు ఓనరు నాతో. నీళ్లు తెమ్మని. నేను తెచ్చాను. అన్న తాగేదాకా ఆగి, ఆ దారమూ తొడిమలూ తన చేత్తోనే ప్లాస్టిక్ సంచిలో వేసి ముడివేశాడు. ఇలాంటివి తన హోష్‌లో మళ్లీ కనబడకూడదన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

తర్వాత టేపు మళ్లీ తీసి హోష్ మధ్య నుంచి అడ్డంగా లాగాడు. ఇక్కడా రేకులు వస్తాయన్నాడు. వెల్డరు ఈ వారంలో ఈ పని ముగిస్తాడు. అటువైపు ఆయిలా, ఇటువైపు అజ్జాబీ. అంటే అటు కుటుంబం, ఇటు ఒంటరి మగాళ్లు. రేకులు పూర్తిగా లేవకుండా తన ఇంట్లోకి ఏ కుటుంబాన్నీ తేనివ్వడు. అదీ ఇన్ని రోజుల ఆలస్యానికి కారణం.

నా అరబీ మీద నాకే అనుమానం వచ్చి మళ్లీ అడిగాను. ఆ గోడ మీది రేకులు మా మీద కోపంతో కాదా?

ఆయన నన్ను వింతగా చూశాడు. మేడ మీద తన కొడుకులుంటారట. వాళ్ల కిటికీలు ఈ హోష్‌లోకి చూస్తాయట. ఇతని భార్య వచ్చి ఇక్కడ తిరిగేటప్పుడు ఆ కిటికీలకు ఏమీ కనబడకూడదట. తెరలు అందుకే, రేకులు అందుకే.

ఇన్ని వారాలుగా మేము అనుమానించిన గోడ వదిన కోసం లేచింది. నేను అన్నకు తెలుగులో చెప్పాను. ఆయన ఎక్కిళ్ల మధ్య మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

"మరి ముందే జెప్పొచ్చు గదా నాయనా" అన్నాడు, ఓనరుకు అర్థం కాని భాషలో. "మిరపకాయలు తినిపిచ్చినంక జెప్పుడేంది?"

ఆ సాయంత్రం ఆయన జగిత్యాలకు ఫోన్ మీద ఫోన్ చేశాడు. దిష్టి కాయ తిన్నవాడికి విరుగుడేమిటని అడిగాడు. ఎవరికీ తెలియదు. ఇంతవరకూ ఎవరూ తినలేదట.

వదిన వచ్చింది. నేను ఆమెను చూడలేదు. రేకు అవతల గొంతు వింటాను, తాలింపు వాసన చూస్తాను. అప్పుడప్పుడూ రేకు పైనుంచి కూర గిన్నె దిగుతుంది. నాకు మిగిలిన హోష్ బావికన్నా కాస్త వెడల్పు. అయినా పిల్లలకోడి సాయంత్రానికల్లా సరిగ్గా ఆ బావి మీదికి వస్తుంది. చుక్కలు గుండ్రంగా పడ్డాయి. వాటి చుట్టూ నీలం పొగ కూడా లేచింది, తడిగుడ్డతో తుడిచినట్టు. ప్రతి సాయంత్రం మొదలుపెట్టేముందు మాత్రం తెల్లలైటు వేసి గొట్టం కింద ఒకసారి తడిమి చూస్తాను. నమ్మకం లేక కాదు. అన్న గురించి బాగా తెలిసి.

ఫొటో పూర్తయ్యాక ప్రింటు తీయించి అన్న చేతికిచ్చాను. ఆ సాయంత్రం కెమెరా నడుస్తుండగా రేకు అవతల గొంతులు వినిపించాయి.

"ఇగో. గా పిలగాడు తీసిండు."

"ఏంది? పిల్లలకోడా?" అంది వదిన.

"ఆ."

"గిది మనింటి ముంగట మంచమేసుకుంటే కనబడదా? గింత గొట్టమెందుకు?"

అన్న నవ్వడం వినబడింది.

"గిందుకేనా మీరు మిరపకాయలు తిన్నది?" అంది వదిన.

రేకు అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"గిందుకు కాదు" అన్నాడు అన్న.

రేకులు చూపును ఆపుతాయి గాని మాటను ఆపవు. ఆ రాత్రి మొదలుపెట్టిన కొత్త ఫొటో ఇంకా సగమే అయింది. దాన్ని దాని మానాన వదిలేసి, మునివేళ్ల మీద లోపలికి నడిచాను.